మునెప్ప పాలు, పది నెత్తిన చిన్న అంకె

2023 ఎండాకాలం. పుంగనూరు బస్టాండు పక్క సందులో నా డీటీపీ సెంటరు. మదనపల్లె నుంచి కుప్పం దాకా ఏ కాలేజీ పిల్లయినా ప్రాజెక్టు రికార్డు టైపు చేయించాలంటే నా దగ్గరికే రావాలనీ, పరీక్షల ముందు నా షాపు దగ్గర జనం రోడ్డు దాకా నిలబడతారనీ చాలామందికి చెప్పాను. వాస్తవానికి ఆ జనం పక్కనున్న చికెన్ అంగడి జనం. వాళ్లలో ఇద్దరు ముగ్గురు ఎండకు తాళలేక నా ఫ్యాను కిందికి వచ్చేవారు. కానీ పని మాత్రం నాకు బాగా వచ్చు. అందులో అతిశయోక్తి లేదు.

సైన్సు రికార్డుల్లో మాకు చుక్కలు చూపించేది సూపర్‌స్క్రిప్ట్. అంటే అంకె నెత్తిన కూర్చునే చిన్న అంకె. పెద్ద సంఖ్యల్ని సున్నాలు పేర్చి రాయకుండా, ఒకటికీ పదికీ మధ్య ఒక అంకె వేసి, దాన్ని పది ఘాతంతో, అంటే నెత్తిన సున్నాలెన్నో చెప్పే చిన్న అంకె ఉన్న పదితో, గుణించినట్టు రాస్తారు. టైపు మిషన్ల కాలంలో ఆ ఘాతం కోసం రోలరును సగం మెట్టు వెనక్కి తిప్పి కొట్టి, మళ్లీ ముందుకు తిప్పేవాళ్లం. ఇప్పుడు రెండు మీటలు నొక్కితే చాలు. అయితే ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకు కాపీ చేసేటప్పుడు ఆ చిన్నది జారి కింద పడుతుంది. పది నెత్తిన ఎనిమిది కాస్తా నూట ఎనిమిదవుతుంది. పదికోట్ల సూక్ష్మజీవులు పోయి అంబులెన్సు నంబరు మిగులుతుంది.

ఆ ఏడు నా దగ్గరికి వచ్చిన రికార్డుల్లో రేవతిది ఒకటి. మదనపల్లెలో డిగ్రీ, మైక్రోబయాలజీ. వాళ్ల నాయన మునెప్ప మా ఊళ్లో పాలు పోస్తాడు. బండికి రెండువైపులా క్యాన్లు కట్టుకుని తెల్లవారకముందే హోటళ్లు తిరుగుతాడు. ఆ పిల్ల ప్రాజెక్టు కూడా పాల మీదే. మదనపల్లెలో ఒక పాలాయన దగ్గరా, పుంగనూరులో వాళ్ల నాయన దగ్గరా, కుప్పంలో మేనమామ దగ్గరా పాలు తీసుకుని ప్లేట్ కౌంట్ చేసింది. పాలను పలచన చేసి గాజు పళ్లెంలో పోసి, ఒకటి రెండు రోజులకు మొలిచిన చుక్కల్ని లెక్కపెట్టి, ఒక మిల్లీలీటరులో ఎన్ని సూక్ష్మజీవులున్నాయో తేల్చడమే ప్లేట్ కౌంట్. ఎన్ని తక్కువుంటే పాలు అంత శుభ్రం.

కుప్పం మేనమామ కూడా పాల వ్యాపారమే. బావా బామ్మర్దులిద్దరికీ ఎవరి పాలు మేలన్నదాని మీద పెళ్లినాటి నుంచీ పోటీ. కానీ ఆ ఎండాకాలం మునెప్ప పాలు మధ్యాహ్నానికే విరిగిపోతున్నాయి. బస్టాండు టీ అంగడాయన ఇంకొకసారి విరిగితే పాలు మాన్పిస్తానన్నాడు. మునెప్ప మాత్రం “వాని గిన్నె కడుక్కోమను, నా పాలకేం రోగం” అని తిరుగుతున్నాడు.

రికార్డు బైండింగుకు పోయే రోజు తండ్రీ కూతుళ్లిద్దరూ వచ్చారు. నేను పట్టిక ప్రింటు తీసి బల్ల మీద పెట్టాను. మదనపల్లె 3.8 × 10⁵. కుప్పం 9.2 × 10⁵. పుంగనూరు 1.1 × 10⁶. రూలు ప్రకారం, అక్షరం పొల్లుపోకుండా. మునెప్ప వంగి చూశాడు. వేలితో కుప్పం వరస తడిమాడు, పుంగనూరు వరస తడిమాడు. మొహం వెలిగిపోయింది.

“నాది ఒకటేనా! వానిది తొమ్మిదా! పాపా, ఈ కాయితం ఇంకొకటి తియ్‌మను. నా బామ్మర్దికి పంపల్ల. ఎన్నాళ్లు ఎగిరినాడప్పా!”

రేవతి మొహం మాడిపోయింది. ఒకటి పాయింటు ఒకటి పక్కనున్న పది నెత్తిన ఉన్నది ఆరు. తొమ్మిది పాయింటు రెండు పక్కనున్న పది నెత్తిన ఉన్నది అయిదే. లెక్కకొస్తే కుప్పంవి తొమ్మిది లక్షల ఇరవై వేలు, మునెప్పవి పదకొండు లక్షలు. మూడింట్లో మునెప్ప పాలే అధ్వానం.

ఈ కథ నేను ఎక్కడ చెప్పినా, అప్పుడు నేనే ఆ పిల్లను పిలిచి “అమ్మా, నిజం దాచకూడదు” అన్నానని చెబుతాను. అనలేదు. మునెప్ప బయట బీడీ ముట్టించుకోవడానికి పోగానే ఆ పిల్ల చెవిలో నేనన్న మాట ఇది:

“పాపా, ఊరుకో. రూలు ప్రకారమే ఉండాది గదా. మనమేం అబద్ధం రాయల్యా. ఆయప్ప సంతోషం ఆయప్పది, నీ మార్కులు నీవి.”

రేవతి ఆ కాగితాన్ని తన వైపు లాక్కుంది. అంది. “తాతా, పాలు నాయనవి. ఆ లెక్క నాయనకే తిరగబడి కనపడితే నేను రాసి ఏం లాభం? రేపు టీ అంగడోడు పాలు మాన్పిస్తే అప్పుడు సెప్పేదా?”

“మరి ఏం జేద్దామంటావు?”

“మూడిటికీ ఒకటే ఘాతం పెట్టు. పైన శీర్షికలో ఒకసారి పది నెత్తిన అయిదు వేసెయ్. అయిదంటే లక్ష గదా, నాయనకు లక్షల్లో అయితే తెలుస్తాది.”

“పదకొండు అని పడతాది పాపా. పదికి మించకూడదు గదా. మీ సారు ఎర్ర సున్న సుడతాడు.”

“సుట్టనీ.”

మార్చాను. 3.8. 9.2. 11. పైన × 10⁵. ఇప్పుడు పట్టిక సంతలో ధరలు రాసిపెట్టిన పలకలాగా ఎవరికైనా తెలిసిపోయేట్టు ఉంది. మునెప్ప లోపలికి వచ్చాడు. ఆ పిల్లే కాగితం చేతికిచ్చి, “నాయనా, ఇవి లక్షలు. నీది పదకొండు” అంది.

ఆయన మూడు అంకెల మీదా వరసగా వేలు పెట్టుకుంటూ వచ్చాడు.

“అయితే వాడు గెల్సినాడా?”

“దగ్గరదగ్గర రెండు లక్షల తేడా నాయనా.”

“యాల? నేను కడగల్యా క్యానులు?”

“క్యాను కడుగుతాండావు. మూతలో రబ్బరు రింగు ఉండాది సూడు, అది ఎప్పుడన్నా ఊడదీసినావా? దాని కింద పాత పాలు పేరుకోనుండాయి. నేను సూసినా.”

మునెప్ప కాగితం మడిచి జేబులో పెట్టుకుని బండి తీశాడు. ఆ పిల్ల చున్నీతో కళ్లు తుడుచుకుని, “తాతా, బైండింగుకు ఇచ్చెయ్” అంది.

వైవా రోజు, అంటే రికార్డు మీద సార్లు ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగే రోజు, నేను ఆ హాల్లోనే ఉన్నానని కూడా చెప్పుకున్నాను. నేను నా షాపులోనే నిద్రపోతున్నాను. జరిగింది రేవతి ఫోనులో చెప్పింది. సారు పదకొండు దగ్గర పెన్సిలు ఆపి, ఇది పద్ధతి కాదే అన్నాడట. “వాక్యాల్లో పద్ధతి ప్రకారమే రాసినా సార్. పట్టికలో పోల్చల్ల గదా, అందుకే అన్నిటికీ ఒకటే ఘాతం తీసుకోని పైన రాసినా” అంది. ఆయన పైన చూసి, సరే అన్నాడు. “ఈ పుంగనూరు పాలు ఎవరివి?” అని అడిగాడు.

“మా నాయనవి సార్.”

ఆయన పెన్సిలు కింద పెట్టేశాడట. ఇంకో ప్రశ్న అడగలేదట.

ఇన్నేళ్లలో ఎన్ని వేల ఘాతాలు కొట్టానో నాకే తెలియదు. చిన్న అంకెను సరిగ్గా నెత్తిన కూర్చోబెడితే నా పని అయిపోయిందనుకునేవాణ్ణి. రూలు తప్పకుండా రాసినా చదివేవాడు మోసపోవచ్చని ఆ పిల్ల వల్లే తెలిసింది. ఇప్పుడు పట్టికలొస్తే “ఇది ఎవరు చదువుతారు పాపా” అని ముందే అడుగుతున్నాను. పిల్లలు నన్ను వింతగా చూస్తారు. చూడనీ.

వానలు పడ్డాక ఒకరోజు మునెప్ప అరలీటరు పాలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. మూతల రింగులు రోజూ ఊడదీసి కడుగుతున్నాడట. టీ అంగడి ఖాతా నిలబడింది. రేవతి మళ్లీ లెక్కపెట్టిందట. చీటీ చూపించాడు: 9.5 × 10⁴.

నేను ఊరుకుంటానా? “ఏం మునెప్పా, నీది తొమ్మిదిన్నర! మీ బామ్మర్దిది తొమ్మిది పాయింటు రెండే గదా. ఇంకా ఓడిపోతాండావు గదప్పా!”

మునెప్ప నావైపు జాలిగా చూశాడు. చీటీ మీద ఆ నాలుగు దగ్గర వేలు పెట్టాడు.

“కింద పెద్దంకె ఎవురికన్నా కనపడతాది సామీ. పైన సిన్నంకె సూడు. అయిదు పొయ్యి నాలుగొచ్చుండాది. లక్ష గూడా లేదు.”

ఆయనకు ఆ చిన్న అంకె చదవడం నేర్పింది నేనేనని ఊరంతా చెప్పుకున్నాను. నేను చేసిందల్లా ఆ పాలతో టీ కాచుకుని తాగడం. మంచి టీ అది.