చుక్కల మధ్య గీయని గీత

1974. పటాన్‌చెరులో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు. అందులో నేను మార్కర్‌ని. డ్రాయింగులోని ఆకారాన్ని ఇనుప రేకు మీద గీసి, పంచ్‌తో చుక్కలు కొట్టడం మార్కర్ పని. గ్యాస్ కట్టర్ దాన్నిబట్టి కోస్తాడు.

ఆ శుక్రవారం ఒక పొగగొట్టానికి మైటర్ బెండ్ గీయాలి. రెండు గొట్టాలను ఏటవాలుగా కోసి మూలలా కలిపే అతుకు అది. చుట్టిన గొట్టం మీద ఆ కోత పక్కనుంచి చూస్తే తిన్నని గీతే. చుట్టకముందు, చదునైన రేకు మీద మాత్రం అదే గీత అలలా వంగుతుంది. చుట్టుకొలతను పన్నెండు భాగాలు చేసి పదమూడు చుక్కలు పెట్టి, వంగే పట్టీని వాటికి ఆనించి వంపు గీయాలి. దీన్ని డెవలప్‌మెంట్ అంటారు.

చుక్కలు కొట్టేసరికి పది దాటింది. ఆ రోజు పోతిరెడ్డిపల్లిలో మా చర్చి సంఘం ఉపవాస ప్రార్థన. వాక్యం చదవాల్సింది నేనే. సగం రోజు సెలవు ముందే పెట్టాను. "చుక్కలు కొట్టిన, చూస్కో ఖాజా భాయ్" అని కట్టర్‌కి చెప్పి బస్సు కోసం పరుగెత్తాను.

వంకర దారులు తిన్ననివి అవుతాయన్న బైబిలు వాక్యం ఆ రోజుది. చదువుతుండగానే షెడ్డులో వదిలొచ్చిన రేకు గుర్తొచ్చింది. కళ్లు మూసుకుంటే పదమూడు చుక్కలే కనిపించాయి, గీత లేదు. అవి ఇనుప రేకు సర్కారు పర్మిట్ మీదే దొరికే రోజులు. పాడైతే ఇంకొకటి ఎప్పుడొస్తుందో తెలియదు.

వాక్యం ముగించి బయటికి నడిచాను. సంఘ పెద్ద యోహాను తాత గుమ్మం దగ్గర ఆపాడు. "ప్రార్థన గాకముందే యాడికి పోతున్నవ్ దేవదానం?"

"పని మధ్యల ఇడిసిన తాతా."

బస్సు ఆగిన ప్రతిచోటా, ఖాజా ఇంకా మంట వెలిగించకూడదని వేడుకున్నాను.

షెడ్డులో అడుగుపెట్టేసరికి ఖాజా నమాజు నుంచి వచ్చి ఉన్నాడు, నెత్తిన టోపీతో. రేకు కోసేసి ఉంది. చుక్క నుంచి చుక్కకు తిన్నని ముక్కలు.

"ఏంది భాయ్ ఇది?"

"నువ్వు చుక్కలు వెట్టినవ్, నేను దారం కొట్టిన. జుమ్మాకు పోవాలె గద, జల్దీ కోసిన. పరేషాన్ గాకు, ఒక్క చుక్క తప్పలే."

నిజమే, తప్పలేదు. రెండు చుక్కలుంటే సుద్ద దారం కొట్టి కోయడం మా షెడ్డు అలవాటు. కాని వంపు పైకి ఉబ్బిన చోట ఆ దారం లోపలి నుంచి పోయింది. వేలి మందం ఇనుము పోయింది.

ఫోర్‌మన్ సుబ్బారావు గారు గుంటూరు వైపు మనిషి. స్కేలు పెట్టి చూశారు. "ఏమయ్యా ఖాజా, వంపుకీ తిన్ననిదానికీ తేడా తెలీదా? రేపట్నుంచి పనికి రావద్దు."

మూడేళ్లుగా టెంపరరీ ఖాజా. పర్మనెంట్ ఆర్డరు వచ్చే నెలలో రావాలి. నా వైపు చూడలేదు. టోపీ తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు ఆర్డరు వచ్చి ఏడాది కూడా కాలేదు. నేను ఊరుకుంటే తప్పు ఖాజా మీదే ఉండిపోతుంది.

"గీత గీయకుంట పోయింది నేను సార్. చుక్కలే ఇచ్చిన."

ఆయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "అంటే ఒకడు ప్రార్థనకీ ఒకడు నమాజుకీ పోయారు. గీత గీసేవాడే లేకుండా పోయాడన్నమాట." రేకు మీదికి వంగి అడిగారు, "కింది అంచున అదనం ఎంత వదిలావు?"

"రెండంగుళాలు సార్."

"వంపు మొత్తం అంగుళం కిందికి దించి మళ్లీ గియ్యి. ఖాజా, పట్టీ పట్టుకో."

గీస్తుంటే ఖాజా మెల్లగా అన్నాడు. "చెయ్యి వణుకుతున్నది నీది. ఉపాసమా?"

"ఉపాసమే."

"జెర తిని గియ్యి భాయ్. ఇనుము యాడికి పోదు."

మర్నాడు చుట్టి కలిపితే సందు లేదు. వచ్చే నెల నోటీసు బోర్డు మీద ఖాజా పేరు కనబడేదాకా మాత్రం నాకు అన్నం సయించలేదు.

వంపులన్నీ సరిచేయాల్సిన వంకరలు కావని ఆ రేకు నాకు నేర్పింది. ప్రార్థన మధ్యలో నన్ను లేపి బస్సెక్కించింది దేవుడేనని నమ్ముతాను. ఆ తర్వాత చుక్కలు కలపకుండా ఎన్నడూ ప్రార్థనకు బయలుదేరలేదు. ఆలస్యమెందుకైందని యోహాను తాత అడిగితే, గీత గీసి వచ్చిన తాతా అనేవాణ్ణి.