అడిగి తెచ్చిన గుడ్డముక్కలు

మాది తిరువూరు మెయిన్ రోడ్డు మీద బట్టల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. మంచాల కింద తానులు, అటక మీద తానులు, చివరికి బియ్యం డబ్బా మూత మీద కూడా ఏదో ఒక పాప్లిన్ తాను కూర్చుని ఉండేది. అలాంటి ఇంట్లో పుట్టబోయే బిడ్డ చొక్కా గుడ్డ కోసం మా నాయనమ్మ వీధిలోకి వెళ్ళి అడుక్కురావలసి వచ్చింది. ఇది డెబ్బైల్లో సంగతి. నేనప్పుడు పరికిణీల్లోంచి ఓణీల్లోకి వచ్చే వయసులో ఉన్నాను. ఇంట్లో ఏం జరుగుతున్నా నాకు ఎవరూ చెప్పరని ఒకటే ఉక్రోషం. అందుకే అన్నీ తలుపు చాటునుంచి వినేదాన్ని.

మా మేనత్తని విస్సన్నపేటలో ఇచ్చారు. మూడో కానుపుకి ఏడో నెలలో బస్సెక్కి పుట్టింటికి వచ్చింది. మొదటి బిడ్డ పదకొండో రోజు పురుడు కూడా కాకముందే పోయాడు. రెండో బిడ్డ నవ్వడం నేర్చుకుని మరీ పోయింది. ఆ రెండోసారి అత్త స్వయంగా కూర్చుని చొక్కాలూ కుళ్ళాయిలూ కుట్టుకుంది. ఇంటిల్లిపాదిలో ఆమెలా కత్తిరించేవాళ్ళు లేరు. కొలత పట్టీ లేకుండా కంటితో చూసి కత్తెర వేసేది. ఈసారి మాత్రం మిషను ఉన్న గది గడప కూడా తొక్కలేదు.

ఎవరైనా వచ్చి "ఏమ్మా, ఆడపిల్లా మగపిల్లాడా?" అని వేళాకోళమాడితే లేచి దొడ్లోకి వెళ్ళిపోయేది. అమ్మ ఏదైనా ముందు జాగ్రత్త మాట ఎత్తితే, "పుట్టనీ వదినా, చూద్దాం" అనేది. బతికితే చూద్దాం అన్నట్టు వినిపించేది నాకు. నా జడలు వేస్తూ కబుర్లు చెప్పి పొట్ట చెక్కలయ్యేలా నవ్వించిన మనిషి. ఆ మనిషి మళ్ళీ దేనిమీదా ఆశ పెట్టుకోదేమోనని నాకు ఏడుపొచ్చేది.

పిల్లలు దక్కని తల్లికి మా వైపు ఒక పద్ధతి ఉంది. పుట్టబోయే బిడ్డకి సొంత గుడ్డ తొడగకూడదు. పిల్లాపాపలతో కళకళలాడే ఇళ్ళలో మిగిలిన గుడ్డముక్కలు అడిగి తెచ్చి, వాటితోనే కుట్టి తొడగాలి. అప్పుడు ఆ బిడ్డ మన బిడ్డ కాదనీ, ఎవరో పరాయి బిడ్డ అనీ అనుకుని మృత్యువు పక్కనుంచి వెళ్ళిపోతుందట. ఇంకో నియమం కూడా ఉంది. బిడ్డ ఏడుపు వినేదాకా ఆ ముక్కల్లో సూది గుచ్చకూడదు.

మా నాయనమ్మ పక్కింటికి చేబదులు పంచదారకి కూడా వెళ్ళే మనిషి కాదు. ఆ వీధిలో అందరూ మా కొట్టుకి వచ్చేవాళ్ళే కానీ, మేం ఎవరి గుమ్మంలోనూ చెయ్యి చాచింది లేదు. అలాంటిది, ఒక మధ్యాహ్నం ఉతికిన చీర కట్టుకుని, గుడ్డసంచీ పట్టుకుని బయలుదేరింది. నన్ను వెంట రమ్మంది. మొదటి గుమ్మంలో నోరు పెగల్లేదు. ఆ ఇంటావిడే అర్థం చేసుకుని, "దానికేం భాగ్యం పిన్నిగారూ, కూర్చోండి" అని లోపలికెళ్ళి కూతురి పరికిణీలో మిగిలిన ముక్క తెచ్చి రెండు చేతులతో సంచీలో వేసింది. తర్వాతి ఇళ్ళలో నాయనమ్మకి బెరుకు పోయింది. ఎంత పోయిందంటే, ఒకచోట చిన్న ముక్క ఇస్తే "దీంతో చెయ్యి కూడా రాదమ్మా" అని బేరమాడింది. నాకు నవ్వాగలేదు. నడ్డి మీద ఒకటి వేసింది.

ఇంటికొచ్చి సంచీని చాప మీద బోర్లించింది. పూల పాప్లిన్, నీలం గళ్ళది, పసుపు వాయిలు, స్కూలు చొక్కాల తెల్లగుడ్డ. నాన్న అన్నానికి లోపలికొచ్చి ఆ గుట్ట పక్కనే ఆగిపోయాడు. ఒక ముక్క తీసి బొటనవేలితో రుద్దాడు. ఇంకోటి తీశాడు. మూడోది తీశాక ఆయన మొహం అదోలా అయిపోయింది.

"అమ్మా, ఇవన్నీ మనవేనే."

"మనవేంట్రా! కాళ్ళరిగేలా తిరిగి అడుక్కొచ్చాను."

"ఈ పూలది కిందటి దసరాకి నేను తెచ్చిందే. ఈ గళ్ళది ఇంకా అరతాను లోపలే ఉంది. వాళ్ళంతా మన దగ్గరే కొన్నారమ్మా."

నాయనమ్మ చాప మీద కూలబడింది. "ఊళ్ళో ఇంకో కొట్టే లేదట్రా?"

"ఎందుకు లేదు? వీళ్ళు అక్కడ కొంటే నాకు కడుపుమంట. ఇక్కడ కొంటే నీకు!"

"నీ వ్యాపారం తగలెయ్య!" అని నాయనమ్మ కళ్ళొత్తుకుంది. సరిగ్గా అప్పుడే వెనక గదిలోంచి ఒక నవ్వు వినిపించింది. ముందు ఆపుకోబోయి, ఆగక, దగ్గుతో కలిసి బయటికొచ్చిన నవ్వు. అత్తది. గుమ్మం పట్టుకుని, పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఆమెని చూసి నాన్న, నాన్నని చూసి నేను. ఏడుస్తున్న నాయనమ్మకి మా మీద ఒళ్ళు మండిపోయింది.

చిక్కు విప్పింది అమ్మే. "అమ్మేసిన గుడ్డ మనదెలా అవుతుంది అత్తయ్యా? వాళ్ళు కొనుక్కున్నారు, వాళ్ళ పిల్లలకి కుట్టించుకున్నారు. మిగిలింది మీకిచ్చారు. అది వాళ్ళ గుడ్డే" అంది. వ్యాపారస్తుల ఇంట్లో ఈ న్యాయం ఎవరికైనా తలకెక్కుతుంది. నాయనమ్మ ముక్కలన్నీ మళ్ళీ సంచీలో సర్దింది. అత్త మాత్రం ఆ సంచీ వైపు చూడకుండా గదిలోకి వెళ్ళిపోయింది.

ఆవకాయలు పెట్టే రోజుల్లో, ఒక ఉదయం ఆడపిల్ల పుట్టింది. ఏడుపు వినగానే నాయనమ్మ సంచీ తెచ్చి అమ్మ ఒళ్ళో పడేసింది. అమ్మ కత్తిరించి మిషను తొక్కింది, అంచులు నేను చేత్తో కుట్టాను. లేత ఒంటికి ఒరుసుకోకుండా కుట్టు మడతలన్నీ పైకి వచ్చేలా కుట్టాం. గుండీల బదులు గుడ్డ తాళ్ళు. ఒక చెయ్యి గళ్ళది, ఇంకో చెయ్యి పసుపుది, వీపు మీద పూలు. వీధంతా కలిసి పిల్లని ఎత్తుకున్నట్టు ఉండేది.

అత్త పాలిచ్చేది, స్నానం చేయించేది, పడుకోబెట్టేది. ముద్దు మాత్రం పెట్టుకునేది కాదు. పిల్ల నవ్వడం మొదలుపెట్టాక మేమంతా ఎగబడి చూస్తుంటే ఆమె ఒక్కతే మొహం తిప్పేసుకుంది. నాకు కోపం వచ్చింది. తర్వాత గుర్తొచ్చింది, రెండో పిల్ల కూడా ఇక్కడిదాకా వచ్చిందని.

వానలు పడ్డాయి. ఒక మధ్యాహ్నం పిల్లకి స్నానం చేయించి చొక్కా తొడుగుతూ అత్త ఆగిపోయింది. చెయ్యి దూరడం లేదు. మెల్లగా లాగి చూసింది. చంక దగ్గర పట్టేసి పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

"వదినా," అంది అత్త. "బిగుతైపోయింది వదినా."

అత్త పిల్లలెవరికీ అంతవరకు చొక్కా బిగుతవలేదు.

అత్త పిల్లని నా చేతికిచ్చింది. మిషను గదిలోకి వెళ్ళి, సంచీలో మిగిలిన ముక్కలన్నీ నేల మీద పరిచింది. పూల పాప్లిన్‌కి గళ్ళ ముక్క జతచేసి, దాని కింద తెల్లగుడ్డ చేర్చి, కంటితోనే కొలిచి కత్తెర వేసింది. అది చొక్కా కాదు, గౌను. చాలా పెద్దది.

"అంత పెద్దదేంటమ్మా? పిల్ల అందులో మునిగిపోతుంది" అంది అమ్మ.

"ఇప్పటికి కాదు వదినా. నడిచేటప్పటికి."

ముందే కుట్టకూడదన్న నియమాన్ని పట్టుబట్టి పాటించిన నాయనమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. అరుస్తుందనుకున్నాను. ఆమె వచ్చి అత్త పక్కన చతికిలబడి, ముక్కల్లో వెతికి, ఒక పసుపు ముక్క తీసి అందించింది.

"జేబు కూడా పెట్టవే," అంది. "నడిచే పిల్లకి జేబు లేకపోతే ఎలా?"