ఎడమ పక్కన కూర్చున్న సైదమ్మ

పదవీ విరమణకు ఇంకా రెండేళ్లు ఉన్నాయనగా నన్ను మిర్యాలగూడ నుంచి సూర్యాపేట ఆసుపత్రికి బదిలీ చేశారు. జూన్ మొదటి వారంలో చేరాను. ఇల్లు కోదాడలో కాబట్టి రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. నా హోదా సీనియర్ ఫిజియోథెరపిస్టు. మిర్యాలగూడలో నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది బియ్యం మిల్లుల హమాలీలు. నడుములు, భుజాలు, మోకాళ్లతోనే ఏళ్లు గడిచాయి. సూర్యాపేటలో వార్డు పని ఎక్కువ. పక్షవాతం వచ్చినవాళ్లు, హైదరాబాదులో తలకు ఆపరేషన్ చేయించుకుని వచ్చినవాళ్లు ఉండేవారు. వాళ్లను కూర్చోబెట్టి, నిలబెట్టి, నడకకు తీసుకురావడం మా బాధ్యత.

చేరిన రెండో వారంలో వెంకన్న వచ్చాడు. వేములపల్లి మనిషి, నలభై అయిదేళ్లుంటాయి. మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లులో మిషన్ నడిపేవాడు. బీపీ పెరిగి మెదడు కుడి భాగంలో రక్తనాళం చిట్లింది. హైదరాబాదులో ఆపరేషన్ చేసి, ప్రాణాపాయం తప్పాక మా దగ్గరికి పంపారు. అతని అన్న లింగయ్య సూర్యాపేటలోనే ఉంటాడు కనుక అన్నం అక్కడి నుంచి వచ్చేది. మంచం దగ్గర మాత్రం పగలూ రాత్రీ అతని భార్య సైదమ్మే.

మెదడులో కుడి భాగం దెబ్బతింటే ఒంట్లో ఎడమ భాగం పడిపోతుంది. అతని ఎడమ చెయ్యి కదలడం లేదు, కాలు కొద్దిగా కదులుతోంది. కండబలానికి మేం సున్నా నుంచి అయిదు వరకు అంకెలు వేస్తాం. చేతికి సున్నా, కాలికి రెండు వేశాను. నాకు అర్థం కానిది అతని తీరు. ఎడమ పక్కన నిలబడి "కాలు ఎత్తు వెంకన్నా" అంటే ఊరికే ఉండేవాడు. తల ఎప్పుడూ కుడివైపుకే తిరిగి ఉండేది. ఎడమ చెయ్యి ఎత్తి పట్టుకుని ఇది ఎవరిదని అడిగితే, "మా అన్నది" అన్నాడు తొణక్కుండా. నాలుగు రోజులు చూసి కేసు షీటులో "రోగి సహకరించడం లేదు" అని రాశాను. ఆ మాట తేలిగ్గా రాయకూడదు. అది చూసిన డాక్టరు, ఈ మనిషిని ఇక్కడ ఉంచడం వల్ల లాభం లేదనుకుంటారు.

అలాగే జరిగింది. డిశ్చార్జి మాట వచ్చింది. లింగయ్య కూడా అదే మంచిదన్నాడు.

"పానం నిలబడ్డది గని మతి రాలే మేడమ్. పెండ్లాన్నే గుర్తు పడ్తలేడు. ఇంటికి తీస్కపోయి ఎవరికన్న సూపిస్తం" అన్నాడు.

ఎవరికన్నా అంటే ఎవరికో అడగలేదు. తాయెత్తులవాళ్లకని తెలుసు.

ఆ మధ్యాహ్నం సైదమ్మ వరండాలో నన్ను ఆపింది. సన్నగా, ఎండకు కమిలిన మనిషి. నాట్లకు పోయే చేతులు. ఇంటికి తీసుకుపోయినా తాను ఆయన దగ్గర ఉండనని, పుట్టింటికి పోతానని చెప్పింది. ఎందుకని అడిగాను.

"నన్ను సూస్తె ఆయనకు కోపమొస్తున్నది మేడమ్. నేను మాట్లాడితె మా బావ దిక్కు సూసి జవాబు చెప్తడు. నా దిక్కు మొకమే తిప్పడు."

బావ అంటే లింగయ్య. కోపం దేనికన్నాను.

"ఆ రోజు పొద్దుగాల బీపీ గోలి ఏసుకోమంటె ఏసుకోలే. లొల్లయింది. సస్తె సావు అని నేనన్న. గంట గాలే, మిల్లుల పడిపోయిండని ఫోనొచ్చింది. గదే మనసుల వెట్టుకున్నడు."

మాట మార్చడానికి అన్నం సరిగా తింటున్నాడా అని అడిగాను. ఆమె చెప్పిన జవాబుతో నేను మళ్లీ వార్డులోకి నడిచాను.

"సగమే తింటడు మేడమ్. అది గూడ కుడి దిక్కుదే. కూర ఎడమ దిక్కు ఏస్తె ఉత్త బువ్వ తిని, కూరెందుకు ఎయ్యలేదని మా బావను తిడ్తడు. నేను పల్లెం మెల్లగ తిప్పుతె, అప్పుడే ఏసిన్రనుకొని మిగిలింది తింటడు."

కాగితం మీద పాతిక గీతలు అటూ ఇటూ గీసి వెంకన్న ముందు పెట్టాను. పెన్సిలు చేతికిచ్చి అన్నింటినీ కొట్టెయ్యమన్నాను. శ్రద్ధగా కొట్టేశాడు. అయిపోయిందన్నాడు. కుడివైపు ఒక్క గీతా మిగల్లేదు, ఎడమవైపు ఒక్కటీ ముట్టుకోలేదు.

కంటిచూపులో లోపం కాదిది. కన్ను చూస్తుంది కానీ, ఎడమవైపు ఒకటి ఉందన్న ధ్యాస మెదడుకు ఉండదు. మా పుస్తకాల్లో దీన్ని నెగ్లెక్ట్ అంటారు. చదువుకున్నాను, ఒకరిద్దరిలో కొద్దిగా చూశాను. ఇంత గట్టిగా ఎవరిలోనూ చూడలేదు. ఇలాంటివాళ్లకు మనసులో తలుచుకునే చోటు కూడా సగమే ఉంటుందని ఎప్పుడో శిక్షణ తరగతిలో విన్నది గుర్తొచ్చింది. నిజమో కాదో తెలుసుకోవాలనిపించింది.

మిల్లు గేటులో నిలబడి లోపలికి చూస్తున్నావనుకో, ఏమేం కనిపిస్తున్నాయి అని అడిగాను. బాయిలరు, డ్రయ్యరు, ఊక కుప్ప అని చెప్పాడు. ఇంకా అంటే, ఇంకేం లేవన్నాడు.

సైదమ్మ ఊరుకోలేదు. "కాటా ఏది? ఆఫీసేది? గోదామేది? రోజు సద్ది తెచ్చి ఆ ఆఫీసు అరుగు మీదనే గద పెడ్త!" అంది. అవన్నీ గేటుకు ఎడమవైపు ఉంటాయట.

ఇప్పుడు మిల్లు వెనక గోడకు ఆనుకుని గేటు వైపు చూస్తున్నావనుకో అన్నాను. కొంచెం ఆలోచించి ఆఫీసు, కాటా, గోదాము అని వరసగా చెప్పాడు. ఈసారి బాయిలరు లేదు, ఊక కుప్ప లేదు. సైదమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను చూసింది. నా పరిస్థితీ అంతే.

అప్పుడు మంచం చుట్టూ చూశాను. కుడి పక్కన సెలైన్ స్టాండు, సిస్టర్లు తిరిగే దారి, లింగయ్య వచ్చి నిలబడే చోటు. సైదమ్మ స్టూలు ఎడమ పక్కన గోడవైపు ఉంది. వచ్చిన రోజు నుంచీ ఆమె అక్కడే కూర్చుంటోంది. హైదరాబాదు ఐసీయూలో ఆమెను దగ్గర ఉండనివ్వలేదు. అంటే పడిపోయిన తర్వాత వెంకన్న తెలివితో ఆమెను చూసిందే లేదు.

స్టూలు తీసి కుడి పక్కన వేశాను. ఆమెను కూర్చోమన్నాను. వెంకన్న ఆమె మొహం చూసి లేవబోయాడు.

"ఎప్పుడొచ్చినవే? ఇన్నొద్దులు యాడున్నవ్?"

"ఈడనే ఉన్న" అంది సైదమ్మ. అతను కుడి చేత్తో ఆమె మణికట్టు పట్టుకుని, నువ్వు కోపం చేసి రాలేదనుకున్నానని చెప్పాడు.

కేసు షీటులో రాసింది చెరపకూడదు. ఒక్క అడ్డగీత గీసి, తేదీ వేసి, సంతకం పెట్టాలి. నా మాట మీద గీత గీసి, కింద పరీక్ష వివరాలు రాశాను. డాక్టరు తానూ పరీక్షించి డిశ్చార్జి ఆపారు. లింగయ్య వెంకన్న కొట్టేసిన గీతల కాగితం చూసి, బయటికి పోయి సైదమ్మకు చాయ తెచ్చి ఇచ్చాడు.

అసలు కష్టం మర్నాడు మొదలైంది. కుడి పక్కనే ఉంచితే రోగి సుఖంగా ఉంటాడు కానీ ఎడమవైపు తిరగడు. కావలసిన మనిషి ఎడమ నుంచి పిలవాలి, అతను వెతుక్కోవాలి. మళ్లీ ఎడమ పక్కకు వెళ్లమని చెబితే సైదమ్మకు కోపం వచ్చింది.

"ఇప్పుడిప్పుడే ఆయన కండ్లవడ్డ. మళ్ల కనవడకుండ పొమ్మంటవా మేడమ్?"

ఆమె ఒప్పుకోలేదు. తనే ఒక పద్ధతి తీసింది. కుడి పక్కన మాట మొదలుపెట్టి, మాట్లాడుతూనే అతని కాళ్లవైపు నుంచి ఎడమ పక్కకు మెల్లగా నడిచేది. అతని చూపు ఆమె వెంట వచ్చేది. మొదటి రోజు మంచం మధ్య దాకా వచ్చి ఆగింది. ఆమె ఇంకో అడుగు వేయగానే, "ఏది, యాడికి పోయిందిది?" అని కుడివైపు వెతికాడు. మంచానికి అతని కాళ్లవైపు ఉన్న ఇనుప కమ్మీలను కొలతగా పెట్టుకుని, రోజూ అతని చూపు ఎన్ని కమ్మీలు దాటిందీ నేను రాసుకున్నాను. వారంలో రెండే దాటింది.

ఎనిమిదో రోజున నేను వెళ్లేసరికి వార్డులో ఇద్దరూ గట్టిగా పోట్లాడుకుంటున్నారు.

"గోలి ఎందుకేసుకోలే చెప్పు!"

"ఏసుకున్ననే, నువ్వు సూడలే!"

"యాడ ఏసుకున్నవ్? డబ్బ నిండ అట్లనే ఉన్నయ్!"

సైదమ్మ మంచానికి పూర్తిగా ఎడమ పక్కన ఉంది. వెంకన్న మెడ తిప్పి ఆమెకేసి చూస్తూ అరుస్తున్నాడు. సిస్టరు వారించబోతే నేనే ఆపాను.

"మంచిగ మాట్లాడితె తిరుగుతలేడు మేడమ్. తిడితెనే మెడ తిరుగుతున్నది" అంది సైదమ్మ. తిడుతూనే ఏడ్చింది, ఆ రోజు తాను అన్న మాటకు. అతనికి ఆ మాటే గుర్తు లేదట. ఏమన్నదో చెప్పమని ఆమెను సతాయించాడు. ఆమె చెప్పింది. "గంతేనా" అన్నాడు.

వెంకన్న ఆరు వారాలున్నాడు. ఇంటికి పోయేనాటికి కర్ర సాయంతో నడిచాడు. చేతికి రెండు వేశాను. అంతకు మించి రాలేదు. పళ్లెంలో ఎడమవైపు కూర తనే వెతుక్కునేవాడు, అలసిపోయిన పూట మరిచిపోయేవాడు. బెల్టులు తిరిగే చోట అతను పని చేయకూడదని కాగితం రాసిచ్చాను. మిల్లువాళ్లు గేటు దగ్గర కూర్చునే పని ఇచ్చారు. తర్వాత పరీక్షకు వచ్చినప్పుడు ఎడమ భుజం మీద దెబ్బ కనిపించింది. తలుపు అంచు తగిలిందన్నాడు. ఆ లోపం కొంత మిగిలింది, మిగులుతుంది కూడా.

ఆ తర్వాతి రెండేళ్లూ పని చేసే వరస మార్చాను. కొత్త రోగి వస్తే ముందు వెంట ఉన్నవాళ్లను పక్కకు పిలిచి, ఎలా తింటున్నాడు, ఎవరితో మాట్లాడుతున్నాడు, ఎటు తిరిగి పడుకుంటున్నాడు అని అడిగి, ఆ తర్వాతే రోగి మీద చెయ్యి వేసేదాన్ని. మేం రోజుకు అరగంట చూస్తాం. వాళ్లు రోజంతా చూస్తారు. వాళ్లు చెప్పేదాంట్లో సగం బాధ, సగం సమాచారం. రెండింటినీ వేరు చేసుకోవడం కూడా మా వృత్తిలో భాగమే. నాకది ఆలస్యంగా తెలిసింది.