ఓడినవాళ్ళ కోసం మొదటి పేజీ

పోయిన మంగళవారం పొద్దున బాబుకి స్కూలు క్యారేజీ సర్దుతుంటే కోర్టు అటెండరు కోటేశ్వరరావు గారు ఫోన్ చేశారు. ఆయన ఎప్పుడు చేసినా ముందు బాబు సంగతి అడుగుతారు. ఆ రోజు అడగలేదు. "మేడమ్ గారు రాత్రి నిద్రలోనే వెళ్ళిపోయారమ్మా" అన్నారు. నేను "సరేనండీ" అన్నాను. క్యారేజీకి మూత పెట్టాను. బాబుని ఆటో ఎక్కించాను. ఆటో సందు మలుపు తిరిగాక గేటు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఒక మాట చెవిన పడడానికీ మనసుకి ఎక్కడానికీ మధ్య అంత దూరం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

సలోమి గారు జిల్లా జడ్జిగా పదవీ విరమణ చేసి మూడేళ్ళయింది. సర్వీసులో చివరి నాలుగేళ్ళూ విజయవాడలో పెద్ద పెద్ద కంపెనీల మధ్య వచ్చే వివాదాలు విచారించారు. ఆ నాలుగేళ్ళూ నేను ఆవిడ దగ్గర స్టెనోని. ఆవిడ న్యాయశాస్త్ర పరిజ్ఞానం గురించి రాయగలిగిన న్యాయవాదులు ఎందరో ఉన్నారు. ఆ తీర్పులు ఎలా తయారయ్యేవో ఎదురుగా కూర్చుని చూసినదాన్ని మాత్రం నేనే. కనుక ఈ నాలుగు మాటలు బాబు పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను.

తీర్పు రాయించేటప్పుడు ఆవిడకొక పద్ధతి ఉండేది. ఎవరు ఓడిపోబోతున్నారో ముందు వాళ్ళ పక్షం రాయించేవారు. అదీ వాళ్ళ లాయరు చెప్పినదానికంటే బాగా. వాదనలు ముగిసిన రోజున ఇరుపక్షాల మాటా తన మాటల్లో తెలుగులో చెప్పి, "ఏమైనా వదిలేశానా?" అని అడిగేవారు. ఆ ప్రశ్న లాయరుని చూసి కాదు, వెనక బెంచీ మీద కూర్చున్న కక్షిదారుని చూసి. గవర్నర్‌పేట లాయర్లు ఈ పద్ధతి తొందరలోనే కనిపెట్టేశారు. తీర్పు చదవడం మొదలవగానే తమ వాదన అందంగా వినిపిస్తే చాలు, "అయిపోయింది మన పని" అనుకుంటూ ఫైళ్ళు కట్టేసుకునేవారు.

ఇలా ఎందుకు మేడమ్ అని ఒకసారి అడిగాను. "గెలిచినవాడు ఆఖరి పేజీ ఒక్కటే చూసుకుని మిఠాయి కొట్టుకి పోతాడు. మొదటి నుంచీ చదివేది ఓడినవాడే. మనం రాసేది అతనికోసం" అన్నారు.

ఆవిడది హనుమాన్ జంక్షన్ దగ్గర పల్లెటూరు. తండ్రి బడిపంతులు. తల్లి నాట్లకీ కోతలకీ వెళ్ళేది. ఇంటి వెనక గట్టు విషయంలో పక్కింటివాళ్ళతో తగాదా వచ్చి పెద్దమనుషుల్లో పెడితే, తీర్పు తల్లికి వ్యతిరేకంగా వచ్చింది. "గట్టు వాళ్ళదేనేమో, నాకు తెలియదు. మా అమ్మ గట్టు పోయినందుకు ఏడవలేదు. నువ్వు చెప్పింది విన్నాం అని ఒక్కరూ అనలేదే అని ఏడ్చింది" అని మేడమ్ చెప్పారు. చెప్పి, వెంటనే డిక్టేషన్‌లోకి వెళ్ళిపోయారు.

మెత్తని మనిషి అనుకోకండి. పది నిమిషాలు ఆలస్యమైతే ఆ రోజంతా మాట్లాడేవారు కాదు. విశేషణాలంటే ఆవిడకి పడదు. "దురుద్దేశపూర్వకమైన అని టైపు చేశావే, ఆ ముక్క నేనన్నానా?" అనేవారు. "లాయరు గారి వాదనలో ఉంది మేడమ్" అంటే, "అయితే ఆయన నెత్తిన పెట్టు. నా నెత్తిన పెట్టకు" అనేవారు.

ఇక నా సంగతి. ఆవిడ రిటైరయ్యే నెలలో ఒక పెద్ద కేసు తీర్పు దశకి వచ్చింది. రొయ్యలు శుభ్రం చేసి విదేశాలకి పంపే కంపెనీ అది. రెండు కుటుంబాలు కలిసి పెట్టి, తర్వాత విడిపోయాయి. ఫ్యాక్టరీ నడిపే హక్కు ఎవరిదన్నది వివాదం. నెలాఖరులోగా తీర్పు రాకపోతే కొత్తగా వచ్చే జడ్జి గారు వాదనలు మళ్ళీ మొదటి నుంచి వినాలి. అప్పటికి బాబుకి ఎనిమిది నెలలు. నేను ప్రసూతి సెలవు ముగించుకుని వచ్చి రెండు నెలలే అయింది. ఆ మధ్యే వాడికి జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. డాక్టరు గారు ప్రమాదమేమీ లేదన్నారు, మళ్ళీ రావని మాత్రం అనలేదు. ఆ మాట పట్టుకుని నేను నిద్ర మానేశాను. రెండు నెలలు సెలవు కావాలని దరఖాస్తు పెట్టాను.

మేడమ్ పిలిచారు. "నీ షార్ట్‌హ్యాండ్ నోటుబుక్కులు ఇంకొకరు చదవగలరా శైలజా?" అన్నారు. లేదన్నాను. ఆ కేసు వాదనలన్నీ వాటిలోనే ఉన్నాయి. ఎవరి గీతలు వాళ్ళకే తెలుస్తాయి. అందులో నేను పొట్టి గుర్తులు సొంతంగా కల్పించుకునే రకం. ఆవిడ క్యాలెండరు తీసి నెలాఖరుకి ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టారు. నాకు ఓపిక నశించింది. "మీకు పిల్లలు లేరు మేడమ్. మీకు తెలియదు" అన్నాను.

సాయంత్రం ఒక కాగితం ఇచ్చారు. సొంత చేతిరాత, తెలుగులో. "ఇంగ్లీషులో రాస్తే అలవాటుకొద్దీ తప్పులు దిద్దుకుంటూ పోతావు. ఇది చదువు" అన్నారు. ఆ కాగితం ఇప్పుడు నా పక్కనే ఉంది. మొదటి పేరా ఇది:

"దరఖాస్తుదారు తల్లి. బిడ్డకు ఎనిమిది నెలలు. ఒకసారి జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. మళ్ళీ రావని ఎవరూ హామీ ఇవ్వలేరు. వచ్చిన క్షణాన తాను పక్కన లేకపోతే బిడ్డ కళ్ళు తనకోసం వెతుకుతాయని ఆమె భయం. డిక్టేషన్ ఆగినప్పుడల్లా ఆమె ఎడమచెయ్యి బిడ్డ నుదురు తడుముతున్నట్టు బల్ల మీద కదులుతూ ఉంటుంది. ఇది నేను చూశాను. ఈ అధికారిణికి పిల్లలు లేరు కనుక ఈ భయం ఆమెకు తెలియదని దరఖాస్తుదారు వాదన. ఆ వాదనలో బలముంది."

రెండో పేరాలో కేసు సంగతి రాశారు. ఆ ఫ్యాక్టరీలో రొయ్యలు వొలిచే ఆడవాళ్ళకి పని ఉంటుందో పోతుందో తెలియక ఏడాదైందని, వాళ్ళకీ పిల్లలున్నారని, వాళ్ళు ఈ కోర్టు ముందుకి రాలేదు గనుక వాళ్ళని తానే గుర్తుపెట్టుకోవాలని. చివర, "సెలవు నిరాకరించడమైనది. ఇది ఆమెకు కష్టమని తెలిసే చేస్తున్నాను."

నాకు కోపం పోలేదు. కానీ ఆ మొదటి పేరా ఎన్నిసార్లు చదివానో. నా భయాన్ని మా ఆయన "ఊరికే కంగారు" అనేవారు. అత్తయ్య "చదువుకున్నదానివి, నీకూ ఇదేనా" అనేది. దాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకున్న మనిషి ఈవిడొక్కరే, అదీ నన్ను కాదంటూ. మర్నాడు మేడమ్‌ని, పిల్లలు లేరన్నందుకు క్షమించమన్నాను. "అన్నది నిజమేగా. కొట్టెయ్యకు, రికార్డులో ఉండనీ. ఊఁ, రాసుకో" అన్నారు.

తీర్పు రాయించేటప్పుడు ఛాంబరులో ఫోన్లు ఉండకూడదు. ఒక్క ముక్క ముందుగా బయటికి పొక్కినా ప్రమాదమే. అందుకని నా ఫోను కోటేశ్వరరావు గారి డ్రాయర్లో, చప్పుడు చెయ్యకుండా పడి ఉండేది. తొమ్మిదో రోజు సాయంత్రం డిక్టేషన్ అయ్యాక తీసి చూస్తే అత్తయ్య దగ్గర్నుంచి పదకొండు కాల్స్.

బాబుకి మళ్ళీ ఫిట్స్ వచ్చాయి. అత్తయ్య ఒక్కతే ఆటో చేసుకుని గవర్నర్‌పేటలో పిల్లల ఆస్పత్రికి తీసుకెళ్ళింది. మేడమ్ తన కారిచ్చి పంపారు. నేను వెళ్ళేసరికి వాడు పడుకుని ఉన్నాడు. గండం గడిచింది. అత్తయ్య జుట్టు విడిపోయి, ఒక కాలికి చెప్పు లేకుండా కుర్చీలో కూర్చుని ఉంది. "నేను లేకపోయాను కదత్తయ్యా" అని ఏడిచాను. "నువ్వుంటే మాత్రం ఏం చేసేదానివి? నాకు వీణ్ణొక్కణ్ణే ఎత్తుకోవాల్సొచ్చింది. నువ్వుంటే ఇద్దర్నీ ఎత్తుకోవాల్సొచ్చేది" అంది.

మర్నాడు ఉద్యోగం మానేస్తానని చెప్పడానికే కోర్టుకి వెళ్ళాను. మేడమ్ ఆ పాత కాగితమే నా చేతికిచ్చారు. కింద కొత్తగా నాలుగు వాక్యాలు ఉన్నాయి. "పై ఉత్తర్వులో లోపం ఉంది. తల్లికి కబురు అందే దారి ఈ అధికారిణి ఆలోచించలేదు. తప్పు ఈ అధికారిణిది. సెలవు మంజూరు చేయడమైనది."

"ఇంటికి వెళ్ళమ్మా" అన్నారు.

"మరి కేసు మేడమ్?"

"కొత్త జడ్జి గారు మొదటి నుంచి వింటారు. ఆ బాధ నాది. నీ నెత్తిన వేసుకోకు."

తలుపు దాకా వెళ్ళాను. సెలవు చేతిలోకి వచ్చాక నాకు అత్తయ్య మాట గుర్తొచ్చింది. రొయ్యలు వొలిచే ఆడవాళ్ళూ గుర్తొచ్చారు. వెనక్కి తిరిగి, "ఫోను ఈ బల్ల మీద పెట్టనిస్తే రాస్తాను మేడమ్" అన్నాను.

"నువ్వు రాసుకుంటుంటే ఎత్తేదెవరు?" అన్నారు. బల్ల మీది ఫైళ్ళు జరిపి చోటు చేసి, "నేనే ఎత్తుతాలే" అన్నారు.

అలా ఆ నెలాఖరు దాకా నా ఫోను జిల్లా జడ్జి గారు ఎత్తారు. నేను పాత డిక్టేషన్ టైపు చేసుకుంటుంటే ఆవిడ అత్తయ్యతో మాట్లాడేవారు. మొదటి రోజే అత్తయ్య, "నువ్వెవరమ్మా? కొత్తగా చేరావా?" అని అడిగింది. ఫోన్లో అత్తయ్య గొంతు నాకూ వినిపిస్తూనే ఉంది.

"నెలాఖరు దాకే ఉంటానండీ" అన్నారు మేడమ్.

"అయ్యో, పర్మినెంటు చెయ్యలేదా? మా కోడలితో చెప్పిస్తానుండు, వాళ్ళ జడ్జి గారికి. ఆవిడ కాస్త చండశాసనురాలట."

"అవునండీ, అలాగే అంటారు."

"సరే, రాసుకో. పదకొండింటికి పాలు తాగాడు. సగమే తాగాడు. ఒళ్ళు చల్లగా ఉంది. రాశావా?"

"రాశానండీ."

నిజంగానే రాసేవారు. కేసు ముఖ్యాంశాలు రాసుకునే పసుపు కాగితం అంచునే, "11.00 పాలు, సగం. ఒళ్ళు చల్లన. 12.40 నిద్ర." తానెవరో మా అత్తయ్యకి చెప్పొద్దన్నారు. చెబితే ఫోన్ చెయ్యడం మానేస్తుందన్నారు.

తీర్పు నెలాఖరుకి రెండు రోజుల ముందు వచ్చింది. ఓడిన కుటుంబం పెద్దాయన, మొదటి పేజీలు చదువుతున్నంతసేపూ కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని విన్నాడు. బయట వరండాలో కొడుకుతో, "నీకు కూడా నేనింత వివరంగా చెప్పలేకపోయాన్రా. ఆవిడ చెప్పింది. చెప్పి, కాదంది" అన్నాడు. తర్వాత వాళ్ళు అప్పీలుకి వెళ్ళారనుకోండి. ఆ అప్పీలు కాగితాల్లో తమ వాదన రాసుకోవడానికి మేడమ్ మొదటి పేజీలే ఎత్తి రాసుకున్నారని తెలిసి ఆవిడ చాలా సంతోషించారు. రొయ్యలు వొలిచే ఆ ఆడవాళ్ళ పని మాత్రం ఆగలేదు.

పదవీ విరమణ రోజున శాలువాలూ దండలూ అయ్యాక ఆ పసుపు కాగితాల అంచులన్నీ కత్తిరించి, పిన్ను కొట్టి నాకిచ్చారు. "నీ రికార్డు" అన్నారు. తర్వాత మంగళగిరిలో చెల్లెలి ఇంటి పక్కనే ఉండేవారు. నేను నెలకో రెండు నెలలకో వెళ్ళి వచ్చేదాన్ని. వెళ్ళినప్పుడల్లా, "మీ అత్తగారు నాకు ఉద్యోగమేమైనా చూసిందా?" అని అడిగేవారు. చూస్తూనే ఉంది పాపం. మా సందు చివర బట్టల షాపులో మాట్లాడి కూడా పెట్టింది.

బాబుకి ఇప్పుడు నాలుగేళ్ళు నిండబోతున్నాయి. ఫిట్స్ మళ్ళీ రాలేదు. వాడి ఒళ్ళు వెచ్చబడితే నాకు ఇప్పటికీ అదే భయం. అప్పుడొక కాగితం తీసి, ముందు భయం పక్షం మొత్తం రాస్తాను, ఏమీ వదలకుండా. అది పూర్తిగా రాశాక రెండో పేరా దానంతట అదే వస్తుంది. థర్మామీటరు ఉంది. మందు ఉంది. ఆస్పత్రి దగ్గరే. అత్తయ్య ఉంది. నాకు ఆవిడ ఇచ్చినది ఇదే. ఇంతకంటే పెద్దది నాకెవరూ ఇవ్వలేదు.

బుధవారం మంగళగిరిలో భూస్థాపన ఆరాధన జరిగింది. అత్తయ్య తానూ వస్తానంది. పెద్ద ఫోటో, కింద "విశ్రాంత జిల్లా జడ్జి" అన్న అక్షరాలు. ఇక దాచడమెందుకని, "ఫోనెత్తింది ఈవిడే అత్తయ్యా" అన్నాను. అత్తయ్య ఫోటో వంక చాలాసేపు చూసింది. "పాల లెక్కలన్నీ రాయించానే ఆవిడ చేత. ఒక్కనాడూ విసుక్కోలేదే" అంది. సమాధుల తోటలో గుప్పెడు మట్టి తీసుకుని, అందరూ వేసి వెళ్ళిపోయాక తను వేసింది.

మేడమ్ ఉంటే ఇందులో విశేషణాలున్న చోటల్లా గీత పెట్టేవారు. ఈ వారం వచ్చిన తీర్పులో ఓడినవాళ్ళం మేము. దాని మీద అప్పీలు లేదు. ఓడినవాళ్ళ మాట ముందు పూర్తిగా రాయాలని నేర్పినావిడ వెళ్ళిపోయారు గనుక, మా పక్షం మొదటి పేజీ నాకు చేతనైనట్టు నేను రాశాను.

ఏమైనా వదిలేశానా మేడమ్?