తూటాలకు వేసిన కొసరు

ఆ రోజుల్లో నేను చాలా తెలివైనదాన్ని. అంటే, అలా అనుకుంటూ తిరిగేదాన్ని. కరోనా సద్దుమణిగాక గల్ఫ్‌లో, దుబాయ్ పక్కనున్న అల్ ఐన్‌లో ఒక ఖర్జూరపు తోట ఇంట్లో వంటకు కుదిరాను. వయసు యాభై నాలుగైనా ఉద్యోగం మొదటిది, కాబట్టి దీన్ని నా పడుచుతనపు ముచ్చటగానే జమకట్టండి. బడి మూడో తరగతితోనే సరి. కానీ తూకంలో నన్ను మోసం చేసిన కొట్టువాడు మా కోనసీమలో లేడు. కిలో పప్పు కొంటే, మీద గుప్పెడు కొసరు పడేదాకా సంచి మూతి మూసేదాన్ని కాదు.

ఆ ఇంటి పెద్దాయనను అందరూ బాబా అనేవారు. ఆయన దగ్గర లైసెన్సున్న పాత వేట తుపాకీ ఉండేది, వాళ్ల నాన్నది. కొన్న తూటాలు ఆయనకు నచ్చవు. పేలిన తూటాల గొట్టాలు ఏరుకొచ్చి, ఒక గదిలో బల్ల వేసుకుని, చిన్న త్రాసుతో మందు తూచి తనే మళ్లీ నింపేవారు. (ఖాళీ గొట్టం కూడా పారెయ్యని మనిషి! ఆ ఇంట్లో నాకు నచ్చింది ఆయనొక్కరే.) ఒక సాయంత్రం నేను టీ తీసుకెళ్లేసరికి నమాజుకు లేచి వెళ్లారు. బల్ల మీద గొట్టాలు మూతులు తెరుచుకుని వరసగా నిలబడి ఉన్నాయి. తొంగి చూశాను. అడుగున కాస్త మందు, అంతే. త్రాసు గిన్నెలో మిగిలింది మిగిలినట్టే, కాగితం మీద ఒలికింది ఒలికినట్టే ఉంది. నాకు ఒళ్లు మండింది. ఇంత తోట పెట్టుకుని ఇదేం పిసినారితనం? ఒలికిందంతా ఎత్తి, తలా కాస్త కొసరు వేశాను. ఇంకా మిగిలితే, వృథా ఎందుకని చివరి గొట్టంలోకి వంచేశాను. బల్ల కూడా తుడిచాను. ఆయన వచ్చి, శుభ్రమైన బల్లను చూసి, "షాబాష్" అని, గొట్టాల మూతులు బిగించుకున్నారు.

మర్నాడు పొద్దున తోట వెనక పేలిన చప్పుడుకి నా పొయ్యి మీది గిన్నెలు అదిరాయి. పరుగెత్తి వెళితే పెద్దాయన ఇసుకలో చతికిలబడి ఉన్నారు. దేవుడి దయ, ఒంటికి గీత పడలేదు. తుపాకీ గొట్టం మాత్రం మొదలు దగ్గర చీలి, కొండచిలువ మేకను మింగినట్టు ఉబ్బింది. తుపాకీ వెనక చెక్క నిలువునా పగిలింది.

ఆయన కొడుకు వచ్చి అరబ్బీలో కేకలు మొదలెట్టాడు. మా నెల్లూరు డ్రైవరు నా చెవిలో అన్నాడు: "ముసలాయనకి కళ్లు ఆనక మందు రెండు తూర్లు పోసుకున్నాడంట పెద్దమ్మా. ఆ బల్లా త్రాసూ ఈ పొద్దే ఎత్తేస్తా అంటుండాడు కొడుకు."

"ఆయన తప్పేం లేదురా. కొసరేసింది నేను."

"యా అల్లా! తుపాకీ మందుకి కొసరా? గమ్మునుండు. నోరు తెరిస్తివా, నీ వీసా ఖలాస్!"

గమ్మున ఉండొచ్చు. మనవరాలి నర్సింగు చదువు నా వంట మీదే నడుస్తోంది. కానీ పెద్దాయన తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంటున్నారు, వాటి మీద నమ్మకం పోయినట్టు. (నిజం చెబితే కూడు పోతుంది, చెప్పకపోతే నిద్ర పోతుంది. ఎంత విసుగొచ్చిందో!) ముందుకెళ్లి, నాకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో, "బాబా కా గల్తీ నహీ. మైనే డాలా" అనేశాను. (బాబా తప్పు కాదు, వేసింది నేను అని.)

"క్యా డాలా?" ఏం వేశావని అడిగాడు కొడుకు.

కొసరుకు హిందీ ఏమిటో నాకు రాదు. డ్రైవరు వైపు చూశాను. వాడు "బక్షీష్, సాబ్" అన్నాడు.

"కార్తూస్ కో బక్షీష్?" తూటాకు బక్షీషేమిటని కొడుకు.

పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "మజ్నూనా!" అని అరిచారు. (పిచ్చిదానా అని.) ఆ వెంటనే రెండు చేతులూ కొడుకు మొహం ముందు ఆడించి, గెలిచినవాడిలా నవ్వారు. తూకం తప్పింది తన చేతులు కావు!

బల్ల నిలిచింది, నా పనీ నిలిచింది. తుపాకీ మాత్రం మళ్లీ పనికి రాలేదు. కొడుకు కొత్తది కొనిచ్చాడు, పెద్దాయన ఆ గదికి తాళం వేయించారు. నేను టీ తెస్తే తలుపు జానెడు తెరిచి, కప్పు అందుకుని, నా రెండో చెయ్యి ఖాళీగా ఉందో లేదో చూసి మరీ మూసుకునేవారు. "నేనేమన్నా దొంగనా?" అని ఆ తలుపు ముందు గొణుక్కుంటూ నిలబడ్డ ఆ యాభై నాలుగేళ్ల బింకపు మనిషిని ఇప్పుడు తలుచుకుంటే, పాపం, పక్కకు తీసుకెళ్లి ఆ టీ ఏదో తనకే పొయ్యాలనిపిస్తుంది.