అత్తమ్మకు నేను చదివిన చీటీ

ఎన్నో ఏళ్ళుగా ఒక మాట నా గుండెల మీద కూర్చుని ఉంది. పనిలో ఉన్నంతసేపు తెలియదు. చేతులు ఖాళీ అయితే చాలు, బరువు తెలుస్తుంది. నా భర్తకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో మీకు చెప్పగలుగుతున్నాను.

మాది అచ్చంపేట దగ్గర, అడవి మొదలయ్యే చోట చిన్న ఊరు. నేను పుట్టిన ఏడాదే అమ్మ పోయింది. భర్త చనిపోయి పుట్టింటికి వచ్చేసిన మా మేనత్తే, నేను అత్తమ్మా అని పిలిచే ఆమే, నన్ను పెంచింది. అడవి నుంచి తెచ్చిన మోదుగాకులను సన్నని పుల్లలతో కుట్టి విస్తళ్ళు చేసేది. ఇప్పుడు తలచుకుంటే ఆ రోజులన్నీ నీళ్ళ అడుగున ఉన్నట్టు కనిపిస్తాయి. మధ్యాహ్నపు వెలుతురు ఆకుల కుప్ప మీద పడి గదంతా పచ్చగా మారేది. ఆ పచ్చదనంలో అత్తమ్మ చేతులు తొందర లేకుండా కదులుతుండేవి. ఆమె ముఖం ఒక్కోసారి గుర్తుకు రాదు. చేతులు మాత్రం ఎప్పుడూ కనిపిస్తాయి.

అవి అరవైల నాటి రోజులు. నాకు పదిహేడేళ్ళు. ఏడో తరగతి దాకా చదివాను. మా వాడలో అంత చదివిన ఆడపిల్ల ఇంకొకతె లేదు. ఎవరికి ఉత్తరం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. నేను చదువుతుంటే అత్తమ్మ చేతిలో పని ఆపి, వినేవాళ్ళ ముఖాలు చూస్తూ కూర్చునేది.

ఆ ఏడు ఆమె కాళ్ళు ఉబ్బాయి. తర్వాత ఒళ్ళంతా దురద మొదలైంది. ఎముకలు లోపల నుంచి సలుపుతున్నాయనేది. బాపు, అంటే మా నాన్న, ఆమెను హైదరాబాదు తీసుకుపోయి పెద్ద దవాఖానలో చూపించాడు. మూత్రపిండాలు, మా మాటలో గుర్దాలు, చెడిపోయాయన్నారట. వాళ్ళు తిరిగి వచ్చేటప్పటికి సంచి నిండా తెల్లగా, చిక్కగా ఉన్న మందు సీసాలు, ఒక చీటీ ఉన్నాయి. డాక్టరు చెప్పినవాటిలో పాలు, పెరుగు తగ్గించాలన్న ఒక్క మాటే బాపుకు గుర్తుంది. మిగతాదంతా చీటీలో ఉందన్నాడు.

అత్తమ్మ చీటీ నా చేతిలో పెట్టింది.

"ఏం రాసిండ్రే బిడ్డా? జర సదువు."

అది ఇంగ్లీషు. బడిలో నేర్చుకున్న అక్షరాలు విడివిడిగా ఉండేవి. ఇవి ఒకదాన్నొకటి పట్టుకుని పరుగెత్తుతున్నాయి. మూడు అనే అంకె ఒక్కటే తెలిసింది. గడపలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు నిలబడి నన్నే చూస్తున్నారు. నాకు రాదని చెబితే సరిపోయేది. బాపు మర్నాడు అచ్చంపేటకు పోయి ఎవరితోనైనా చదివించుకుని వచ్చేవాడు. అంతకుముందు నాటు వైద్యుడిచ్చిన చూర్ణం అత్తమ్మ పరగడుపున మింగేది. అదే నా నోటికి వచ్చింది.

"దినానికి మూడుసార్లు తాగాల్నంట. ఉత్త కడుపుతోని. తాగినంక రెండు గంటలు ఏం తినొద్దంట."

"తింటే ఏమైతదంట?"

"మందు పనిచెయ్యదంట."

ఆ చివరి మాట ఎందుకన్నాను? మొదటిది భయంతో అన్నానని చెప్పుకోగలను. చివరిది? అడిగినదానికి జవాబు లేకపోతే నా చదువు మీద అనుమానం వస్తుందనుకున్నానా? లేక అబద్ధం ఒకసారి నోరు దాటాక దానికదే నడుస్తుందా? ఇప్పటికీ నాకు తెలియదు.

ఐదు నెలలు. గిన్నెలో అన్నం చల్లారిపోతుండేది. అత్తమ్మ ఆ తెల్లటి మందు తాగి, గోడకు ఆనుకుని, వాకిట్లో ఎండ జరగడం చూస్తూ కూర్చునేది. ఎండ ఎక్కడిదాకా వస్తే రెండు గంటలు అయినట్టో ఆమెకు లెక్క తెలుసు. ఆలోగా విస్తరి పుల్లతో చేతులు గీరుకునేది. చర్మం మీద తెల్లటి చారలు లేచి, కాసేపటికి ఎర్రబడేవి. నేను కొబ్బరినూనె రాసేదాన్ని. నా వేళ్ళ కింద ఆమె కళ్ళు మూసుకుని ఏదో కలలో ఉన్నట్టు ఊగేది. దురద తగ్గలేదు.

ఐదు నెలలకు ఆ సీసాలు అయిపోతే చీటీ పట్టుకుని ఒక్కదాన్నే అచ్చంపేటలో మందులమ్మే అతని దగ్గరికి వెళ్ళాను. అతను చీటీ చదివి, మందు అన్నంతోనే ఇస్తున్నావు కదా అని అడిగాడు. తిండిలోని భాస్వరాన్ని చెడిపోయిన గుర్దాలు బయటికి పంపలేవట. అది రక్తంలో పెరిగితేనే ఆ దురద, ఆ నొప్పులు. ఈ మందు కడుపులో అన్నంతో కలిస్తేనే దాన్ని పట్టి బయటికి తోస్తుందట. ఖాళీ కడుపులో దానికి పట్టుకోవడానికి ఏముంటుందని నవ్వాడు. అన్నంతోనే ఇస్తున్నానని చెప్పాను. అది నా రెండో అబద్ధం. మొదటిదాని కంటే తేలికగా వచ్చింది.

ఇంటికి వచ్చే దారంతా నేల మెత్తగా ఉన్నట్టు, నేను నడవడం లేదన్నట్టు అనిపించింది. నిజం చెప్పాలని ఎన్నిసార్లో మాట కూర్చుకున్నాను. వాకిట్లో అడుగు పెట్టగానే వేరే మాట వచ్చింది.

"డాక్టర్లు తీరు మార్చిండ్రంట అత్తమ్మా. ఇగ అన్నంతోనే తాగమన్నరు."

ఆమె ముఖం విప్పారింది. ఆ ఒక్క క్షణం మాత్రం ఆ ముఖం నాకు స్పష్టంగా గుర్తుంది.

"మంచిగైంది బిడ్డా. శానా ఆకలైతుండె."

కొన్ని వారాలకు దురద తగ్గుముఖం పట్టింది. ఆమె వాడంతా తిరిగి చెప్పింది, నా బిడ్డ చదువుకున్నది కాబట్టే నేను బతికిన అని. ఆ మాట విని మా చిన్నాయన ఇద్దరు కూతుళ్ళను బడికి పంపాడు. పక్కింటి వాళ్ళూ పంపారు. ఆ పిల్లలు పలకలు పట్టుకుని నా ముందు నుంచి పోతుంటే నేను లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

రెండేళ్ళకు, ఎండాకాలంలో, అత్తమ్మ పోయింది.

చాలా ఏళ్ళ తర్వాత ఒక డాక్టరును, ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. ఆ రోజుల్లో అంతగా చెడిన గుర్దాలతో ఎవరూ ఎక్కువ కాలం ఉండేవారు కాదన్నాడు. నాకు ఊపిరి వచ్చింది. కానీ ఆ దురద, ఆ నొప్పి మాత్రం చాలావరకు తప్పేవని తనే మళ్ళీ అన్నాడు. అంటే చావు నాది కాదు. ఆ ఐదు నెలల బాధ నాది. ఇది తెలిసి తేలికపడ్డానా? లేదు. నా వంతు ఎంతో తెలిసింది, అంతే.

ఆమెకు తెలుసునా? ఇంట్లో కూర్చున్న మనిషిని చూడకుండానే డాక్టర్లు తీరు ఎలా మార్చారని ఒక్కసారైనా అనుకోలేదా? అనుకుని ఊరుకుందా? ఎలా చూసినా నాకు ఊరట లేదు. క్షమించగల మనిషి లేదు. ఇంకొకరు క్షమిస్తే అది నాకు చెందదు.

మా అత్తమ్మ నా మాట నమ్మి ఐదు నెలలు ఆకలితో కూర్చుంది. ఆ మాట అబద్ధం. ఇంతకాలం దీన్ని మనసులో కూడా పూర్తి వాక్యంగా అనుకోలేదు. ఇప్పుడు రాశాను. మీరు చదివారు.