జానీ బాషా చెప్పని రోజు

దుబాయ్‌లో మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. జానీ బాషా రష్యా యుద్ధంలో తన జతగాడు రమీజ్‌ని చంపేసి, అతని బూట్లు తొడుక్కుని తిరిగొచ్చాడట. ఈ మాట నబీ రసూల్ టీ కొట్లో పుట్టిందని నాకు తెలుసు. మొన్న తిన్నగా వెళ్ళి అడిగేశాను.

"ఏం నబీ రసూలూ, ఆ బూట్లు నువ్వు చూశావా?"

"నేను చూళ్ళేదు దుర్గమ్మక్కా. అందురూ అంటుండారు."

"అందరూ అంటే ఎవరూ? నీ టీ గ్లాసులా?"

బల్ల మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు గాని మాట మాత్రం ఆగలేదు. అందుకే రాస్తున్నాను. జానీ బాషా రష్యా నుంచి షార్జాలో దిగిన రోజు ఎయిర్‌పోర్టుకి వెళ్ళింది నేనూ, గ్యారేజీ ఫోర్‌మన్ ముబారకూ. అతని కాళ్ళకి ఆస్పత్రి రబ్బరు చెప్పులున్నాయి. ఎడమ పాదానికి మూడు వేళ్ళు లేవు, అందుకే సైన్యం వదిలేసిందట. అది అప్పటికింకా కట్టులోనే ఉంది, ఏ బూటులోనూ పట్టేది కాదు. బూట్ల సంగతి పచ్చి అబద్ధం. చంపాడన్న సంగతి వరసలో చెబుతాను.

జానీ బాషాది రాయచోటి దగ్గర పల్లె. పదకొండేళ్ళు ఇక్కడ ఇండస్ట్రియల్ ఏరియాలో డెంటరుగా చేశాడు. గుద్దుకుని నలిగిపోయిన కారు తలుపుల్ని లోపలినుంచి సుత్తితో కొట్టి సాపు చేస్తాడు. రమీజ్ అదే గ్యారేజీలో పెయింటరు. ఇతను సాపు చేస్తేనే అతను రంగు కొట్టాలి, కాబట్టి రోజంతా తిట్టుకుంటూనే ఉండేవారు. నేను మధ్యాహ్నం నా మెస్ నుంచి అన్నం కేరియర్లు పట్టుకెళ్ళేసరికి గొడవ రంజుగా ఉండేది.

"నువ్వు సాపు చేసిన తలుపు గుంతల్లో నా రంగు డబ్బా మునిగిపోతాది భాయ్."

"నువ్వు కొట్టిన రంగుకు ఆ కారే సిగ్గుపడి ఎర్రబడిండాదిరా."

అలా అనుకుంటూనే ఒకే కేరియర్లో చేతులు పెట్టి తినేవారు. రమీజ్ పెళ్ళాం ఫిజా బురఖాలు కుట్టే షాపులో పని చేస్తుంది. నా పక్క గదే. గోడ పల్చన, నా చెవులు పెద్దవి, కాబట్టి ఆ ఇంటి సంగతులు నాకు కొత్త కాదు.

ఇక్కడ దుబాయ్‌లో మనవాళ్ళకి ఒక అలవాటుంది. వీసాలో రాసుండే పని వేరు, చేసే పని వేరు. జానీ బాషా వీసాలో పదకొండేళ్ళూ బార్బర్ అనే ఉంది. ఆ మనిషి ఎవరి తలా గొరిగి ఎరగడు. రమీజ్ కాగితంలో తోటమాలి. మనకి పూచీ ఉండే ఇక్కడి యజమాని, కఫీల్, తన దగ్గర ఏ వీసా ఖాళీ ఉంటే అది కొట్టిస్తాడు, మనం వచ్చి మన పని మనం చేసుకుంటాం. కాగితాన్ని ఎవడూ నమ్మడు. చివరికి వీళ్ళ కొంప ముంచింది ఆ అలవాటే.

2023 చలికాలంలో ఒక ఏజెంటు ఫోన్లో వీడియో పంపాడు. రష్యాలో సైన్యం గోడౌన్‌లో హెల్పర్ పనట, యుద్ధం దరిదాపులకి కూడా పోనక్కర్లేదట, ఏడాది చేస్తే అక్కడి పాస్‌పోర్టట. సంతకాలకి వచ్చిన కాగితాలు వాళ్ళ భాషలో ఉన్నాయి. ఫిజా తెలివైన పిల్ల. ఫోన్ ఆ కాగితం మీద పెట్టి చూస్తే తెలుగులో "సైనిక సేవ" అని వచ్చింది. మొగుడికి చూపించింది. వాడు పగలబడి నవ్వాడు.

"నాలుగేండ్లనుంచి నేను తోటమాలినే కదా, ఒక్క చెట్టు నాటినానా? కాయితంలో ఏమన్నా రాస్కోనీలే."

"బార్బర్ మాట కూడా ఇదే" అన్నాడు జానీ బాషా.

నేనూ నవ్వాను. నవ్వి, ఆవకాయ సీసా కట్టి ఇచ్చాను. నా పాపం అంత వరకు ఉంది, దాచను.

అక్కడ జరిగింది జానీ బాషా వరసగా ఎప్పుడూ చెప్పడు. సుత్తి దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒక ముక్క చెబుతాడు. ఏడాదిగా కేరియరు పెట్టే వంకన పక్కన కూర్చుని ఆ ముక్కలన్నీ ఏరుకున్నాను.

గోడౌనూ లేదు, ఏమీ లేదు. పదిరోజులు తుపాకీ పట్టడం నేర్పి ముందు వరసకి తోలేశారు. "అదీ షిఫ్టేక్కా" అంటాడు. తెల్లారకముందే తూటాల పెట్టెలు భుజాన వేసుకుని కందకం దాకా మోయాలి. తిరిగొచ్చేటప్పుడు దెబ్బ తిన్నవాళ్ళనీ, చచ్చినవాళ్ళనీ మోసుకురావాలి. ఆరుగురు పోతే నలుగురు వచ్చేవారు. మర్నాటికి ఆ ఇద్దరి చోట్లో కొత్తవాళ్ళు. నేపాలీలు, సింహళం వాళ్ళు, ఎక్కడెక్కడివాళ్ళో. పేర్లు అడగడం మానేశాడట.

మొదటి వారంలోనే ఒకనాడు అతని ముందు నడిచే నేపాలీ మీద పళ్ళెమంత డ్రోన్ పడింది. పొగలో పరిగెడుతుంటే ఎవరో వెనకనుంచి కాలర్ పట్టి లాగుతున్నట్టు అనిపించిందట. గుంతలోకి దూకి చూసుకుంటే కాలర్లో నాలుగు వేళ్ళు ఇరుక్కుని ఉన్నాయి. ఉంగరంతో సహా.

మంచుకి శవాలు నేలకి అతుక్కుపోయేవట. గునపం పెట్టి లేపాల్సొచ్చేది. లేపితే వీపు తోలు నేలకే ఉండిపోయేది. పెట్టె పడేసి వెనక్కి పరిగెత్తిన ఒకడి మోకాళ్ళు రెండూ వాళ్ళ ఆఫీసరే కాల్చి, జానీ బాషాతో కలిపి మిగిలిన నలుగురి చేతే మోయించాడు. రెండు మైళ్ళు. వాడు దారి పొడుగునా వాళ్ళమ్మని పిలుస్తూనే ఉన్నాడట. దించేసరికి పిలుపు లేదు. ఆ చేతులతోనే రొట్టె తిన్నారు, కడుక్కునే నీళ్ళు లేక.

ఇన్ని చెబుతాడు గదా, రమీజ్ దగ్గరికొచ్చేసరికి మాట మారిపోతుంది. ఒకసారి, "వాడు వేరే గుంతలో ఉన్న్యాడు" అన్నాడు. ఇంకోసారి, "ట్రక్కులో ఆస్పత్రికి ఎత్తకపాయిరి" అన్నాడు. మరోసారి, "నేను నిద్రపోయినా" అన్నాడు. మూడూ విన్నాను. మూడూ ఒకదానికొకటి అతకవు. ఎవరింట్లో ఏం కూరో కూడా అడిగేసే నేను ఈ ఒక్కటీ గట్టిగా అడగలేకపోయాను. రష్యా సైన్యం పంపిన కాగితంలో రమీజ్ పేరు పక్కన "కనబడుటలేదు" అని ఉంది.

ఈ మధ్యలో నలిగిపోయింది ఫిజా. పొద్దున్న లేవగానే ఫోన్లో యుద్ధం వార్త చదువుతుంది. ఉత్తరాన ఇన్ని దాడులు, తూర్పున ఇన్ని, దక్షిణాన ఇన్ని, నిన్నటి రోజున ఇంతమంది పోయారు. అలా రోజూ వేస్తారు, బస్సుల టైములు వేసినట్టు. మొగుడు ఏ దిక్కున ఉండేవాడో ఆ దిక్కు లెక్క రెండుసార్లు చదివి, మిషను తొక్కడానికి పోతుంది.

ఒకరోజు నమాజు చాప మీద అలాగే కూర్చుండిపోతే అడిగాను.

"ఏంటే, లేవ్వేం?"

"ఏ దువా చేయాల్నో తెలీడంల్యాక్కా. బతికుంటే కాపాడు అల్లా అనల్ల. పోయింటే వాని తప్పులు మాఫ్ చెయ్యి అనల్ల. చచ్చినోని కోసం కాపాడు అంటే ఎట్ల? బతికినోని కోసం మాఫ్ చెయ్యి అంటే నేనే సంపినట్ల గాదా?"

వాళ్ళలో మొగుడు పోతే నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ అని ఆడమనిషి ఇంట్లో ఉండాలి. మసీదులో నమాజు చేయించే హజ్రత్‌ని అడిగించింది. చూసిన సాక్షి ఎవరైనా మొగుడు ఏ రోజు పోయాడో చెబితే ఆ రోజు నుంచే లెక్క, ఆ గడువు ఎప్పుడో అయిపోయినట్టే అన్నాడాయన. సాక్షి లేకపోతే పోయాడని అనడానికి లేదు, ఏళ్ళ తరబడి ఆగాలి. అంటే పెళ్ళామూ కాదు, విధవా కాదు. సాక్షి ఎవరంటే లోకంలో ఒక్కడే. జానీ బాషా.

"వాడే చంపాడంటున్నారుగా, వాణ్ణి ఏమని అడుగుతావే?" అన్నాను, దాని మనసు తెలుసుకుందామని.

"సంపింటే సంపినానని చెప్పమనుక్కా. నాకు ఆ రోజు కావాల."

ఆ మాటతో నాకు సిగ్గేసింది. మొన్న శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక దాన్ని వెంటబెట్టుకుని గ్యారేజీకి పోయాను. అందరూ గదులకి పోయారు. జానీ బాషా ఒక్కడే ఉన్నాడు. అతని పక్కన కూర్చుని తినడం అందరూ మానేశారులెండి, ఆ పుకారు పుణ్యమా అని. తెల్ల కారు తలుపు ఒళ్ళో పెట్టుకుని కొడుతున్నాడు. ఫిజాని చూసి సుత్తి కింద పెట్టాడు. లేవబోయి, కాలు నిలవక మళ్ళీ కూర్చున్నాడు.

"తిన్నావా భాయ్?" అంది ఫిజా.

అతను తిన్నానని తల ఊపాడు. అతని కేరియరు మూత కూడా తీయకుండా ఇంకా నా చేతిలోనే ఉంది.

"జానీ బాషా, నాకు మూడు కథలు చెప్పావు" అన్నాను. "నాలుగోది వద్దు. ఈ పిల్ల నమాజులో ఏమని అడగాలో తెలీక ఏడాదిపైగా చాప మీద కూర్చుని ఉంది. నువ్వు రమీజ్‌ని చివరిసారి చూసినప్పుడు బతికున్నాడా, చచ్చాడా? ఏ రోజు?"

ఒళ్ళోని తలుపు కిందకి దించాడు. తర్వాత నా వైపు కాదు, ఫిజా వైపు తిరిగి చెప్పాడు.

"మేము పోయినాక వచ్చిన రంజాన్ల, తొమ్మిదో రోజా నాడు, తల్లీ. తెల్లారి. తొడల కాణ్ణించి రెండు కాళ్ళూ ల్యావు. గుంతలో నా ఒళ్ళో పండుకోబెట్టుకున్యా. పైన డ్రోన్ తిరగతా ఉండాది, చెట్లల్లో అవతలి సైన్యమోళ్ళు నడిచేది ఇనపడతా ఉండాది, వాడేమో గొంతు చించుకోని నీ పేరు అరస్తా ఉండాడు. గుంతలో ఇంగ ముగ్గురున్న్యారు. ఊరుకోరా అన్యా. ఊరుకోల్యా. ఈ చేత్తో నోరు మూసినా. వాళ్ళు పోయేదాంక తియ్యల్యా. తీసి సూస్తే ల్యాడు. నెత్తురు పోయి పోయినాడో, నా చెయ్యి పోనిచ్చిందో, అది అల్లాకే తెలుసు, నాకు తెల్దు. నువ్వు వానికి మాఫీ అడుగు. రోజు మాత్రం అదే. తొమ్మిదో రోజా."